కళ్ల డాక్టరు కాగితం

“వదినా, గోలేసుకున్నవా?”

తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో రోజూ తప్పకుండా నన్ను అడిగిన మాట ఇదొక్కటే. తిన్నావా అని ఎవరూ అడగరు. వండేది నేనే కాబట్టి వండిన మనిషి తినకుండా ఉంటుందా అని వాళ్ల ధీమా. గోలీ సంగతి మాత్రం మా మరిది గిరి మర్చిపోడు. అతను మర్చిపోయినా తోటికోడలు నాగరాణి మర్చిపోదు. గోలీల రేకు ఆమె పోపుల డబ్బాలో ఉంటుంది. ఒకటి విప్పి నా అరచేతిలో పెట్టి, నేను మింగి నీళ్లు తాగేదాకా అక్కడే నిలబడుతుంది. ఆ తర్వాత నేను లేను. తెల్లవారి లేచి గొర్రెల దొడ్డి ఊడ్చి, పెంట ఎత్తి, పొయ్యి మీద ఎసరు పెట్టేదాకా కూడా నేను సగమే ఉంటాను. తల నిండా తడి దూది కూరినట్టు ఉంటుంది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతాయి. ఇంటికి చుట్టాలు వస్తే మా అత్త నన్ను చూపించి, “మా పెద్దకోడలు సత్తి బంగారం. నోట్లె నాలుకే లేదు” అంటుంది. నాకు నాలుక ఉండేది. మా ఆయన బీరప్ప బతికున్నప్పుడు, నా నోటికి జడిసి మేకపోతు కూడా దొడ్డి దాటదని నవ్వేవాడు.

కొత్తకోట దగ్గర గొర్రెల్ని బెంగుళూరు రోడ్డు దాటిస్తుంటే లారీ ఆయన్ని, మందలో సగాన్ని తొక్కుకుంటూ పోయింది. చూడవచ్చినవాళ్లు నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చి, బయటికి పోయి గొర్రెల గురించి ఎక్కువసేపు బాధపడ్డారు. నేను మూడు రోజులు ఆగకుండా ఏడ్చాను. నాగరాణికి అప్పుడు చంటిపిల్ల. “దీని ఏడుపుకు పసిది జడుసుకుంటాంది. దీనికేమన్న ఇయ్యి సారూ” అని అత్త ఊళ్లో సూదులేసే ఆర్‌ఎంపీని పిలిచింది. అతను గోలీలిచ్చి, వారం రోజులు వేయమన్నాడు. వారం అయిపోయాక ఇంకా రేకు తెప్పించింది ఎవరో నాకు గుర్తు లేదు. నా ఏడుపు ఆగిపోయింది. ఎంతగా ఆగిందంటే, ఏడాది తర్వాత సంవత్సరీకం రోజు ఆయన ఫోటోకి దండ వేస్తూ, ఈ బియ్యం ఎంతమందికి సరిపోతాయా అని ఆలోచిస్తున్నాను. ఇంట్లో అందరికీ నిమ్మళమైంది. ఏడవని, అలగని, పుట్టింటికి పోతాననని, ఎదురు చెప్పని మనిషి పొద్దున్న నాలుగున్నరకల్లా లేచి పని చేస్తుంటే ఎవరికి మాత్రం చేదు?

కిందటేడు వానాకాలంలో నా కూతురు మల్లిక పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పిల్లకు రోజూ నీళ్లు నేనే పోసేదాన్ని. కాళ్లు చాపుకుని, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుని, శనగపిండి రుద్ది, చెంబుతో గోరువెచ్చని నీళ్లు పోయడం. మా అమ్మ నా కూతురికి అలాగే పోసింది. ఇరవై ఒకటో రోజు పొద్దున పోస్తూ పోస్తూ ఉన్నాను. నిద్రపోయానని నేను అనుకోలేదు. మల్లిక అరుపు వినపడి కళ్లు తెరిచేసరికి నా చేతిలో చెంబు లేదు. పిల్ల కాళ్ల మీది నుంచి జారి, ముఖం కింది నీళ్లలో ఉంది. మల్లిక పిల్లను లాక్కుని తలకిందులు చేసి వీపు మీద చరిచింది. పిల్ల దగ్గి, కక్కి, ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నేను కాళ్లు చాపుకుని అలాగే కూర్చున్నాను. లేవాలని కూడా తట్టలేదు.

మల్లిక మర్నాడే అత్తగారింటికి బయల్దేరింది. నన్ను తిట్టలేదు. ఆటో ఎక్కబోతూ, “అమ్మా, నువ్వు గోలి బంద్ చేసిన్నాడు పిల్లను మల్ల నీ కాళ్ల మీద పండవెడ్త. అందాక నీ చేతికియ్య. ఏమనుకోకు” అంది.

అనుకోవడానికి ఏముంది? ఆ రోజే మానేశాను. గోలీ నాలుక కింద పెట్టుకుని, నాగరాణి అటు తిరగ్గానే ఉమ్మేశాను. మొదటి రోజు కన్ను మూత పడలేదు. రెండో రోజు చేతులు వణికాయి. చర్మం కింద చీమలు పాకినట్టు, వెలుతురు సూదుల్లా పొడిచినట్టు ఉండి, దొడ్డిలో గొర్రెపిల్లల మధ్య పడిపోయాను. గిరి నన్ను లేపి, “నీకు గోలి లేకుంటే నడ్వది వదినా. గది నీకు అన్నమసొంటిది” అని తనే ఒకటి నోట్లో వేశాడు. ఆర్‌ఎంపీని అడిగితే, “షుగర్ గోలి లెక్క, బతికున్నన్ని దినాలు వేసుకోవాలె” అన్నాడు. నాగరాణి వాళ్లమ్మ తాయెత్తు కట్టించుకోమంది. నాగరాణి పెద్దకొడుకు చూపించిన ఫోన్‌లో ఎవరో నిమ్మకాయ నీళ్లు తాగమంటున్నాడు. ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఏది నిజమో చెప్పేవాళ్లు లేరు.

మా ఊళ్లో ఆడవాళ్లకు చదువు చెబుతారు. కూలి పని నుంచి వచ్చాక, సాయంత్రం నాలుగింటికి, అంగన్‌వాడీ గదిలో. నలభై ఆరేళ్ల వయసులో నేను అక్కడే అక్షరాలు దిద్దాను. నేర్పే అమ్మాయి శ్రీదేవి మా ఊరి కోడలే. డిగ్రీ చదివింది. ఒకరోజు, “పుస్తకంల వాక్యాలు చాలు. ఇయ్యాల ఎవరి గురించి వాళ్లు ఒక నిజం రాయిండ్రి” అంది. చాలామంది ‘నాకు ఇద్దరు కొడుకులు’ అని రాశారు. నేను చాలాసేపు పలక పట్టుకుని కూర్చుని, ‘నాకు గోలీ లేకుంటే నిద్ర రాదు’ అని రాశాను. శ్రీదేవి అది పైకి చదివింది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు వెనక నుంచి సైదమ్మ అక్క, “నా పలక మీద గూడ గదే రాయి బిడ్డా, నా చెయ్యి నొస్తాంది” అంది. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఒకామె నాది కూడా అంది. ఇంకొకామె, ఇంకొకామె. పదకొండు మందిలో ఏడుగురం తేలాం. మొగుడు కొడుతుంటే నొప్పికని మొదలుపెట్టింది ఒకామె. ఆపరేషన్ అయ్యాక ఒకామె. ఒకే ఊళ్లో ఉంటూ, ఒకే బావి దగ్గర బట్టలు ఉతుకుతూ, ఏడుగురం ఒకరికొకరం తెలియకుండా ఒకే గోలీ మింగుతున్నాం. ఆ రోజు చదువు సాగలేదు. నాకు చెవుల్లో ఈగ రొద పెడుతుందని ఒకరు, నాకు మొగుడి పేరు గుర్తురాలేదని ఇంకొకరు. “గది నీ అదృష్టం” అంది సైదమ్మ అక్క.

సైదమ్మ అక్క నాకంటే ఆరేడేళ్లు పెద్దది. హాలియా దిక్కు నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది. మా కులం కాదు, మా వీధీ కాదు. పత్తి ఏరేటప్పుడు ఆమె పక్క సాలే పట్టుకునేదాన్ని, మాటల కోసం. కొడుకు బొంబాయిలో పనికి పోయాడు. ఇంట్లో ఆమె, కోడలు శ్రీవాణి, మనుమడు. ఒకప్పుడు ఆమె రోజూ కల్లు తాగేది. ఒక ఎండాకాలం ఊళ్లో కల్లు దుకాణం మూతపడితే వణుకు పుట్టి పిచ్చెక్కినట్టయిందట. “మూడొద్దులు నరకం చూసిన చెల్లె. నాలుగొద్దులకు లేసి కూసున్న. ఏదైనా గంతే. మూడొద్దులు ఓర్సుకుంటే అయిపాయె” అని చెప్పేది. ఆ నాలుగో రోజు ఆమెను లేపి కూర్చోబెట్టింది ఆర్‌ఎంపీ ఇచ్చిన ఈ గోలీయే. అప్పుడు మా ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు.

ఒకరోజు అందరూ వెళ్లిపోయాక శ్రీదేవిని అడిగాను. “పాలమూరు పెద్ద దవాఖానల మనసు డాక్టర్లుంటరు పెద్దమ్మా. మంగళవారం పో” అంది. అది పిచ్చి దవాఖాన కదా అన్నాను. “పిచ్చి లేనోళ్లే పోతరు, పిచ్చి ఉన్నోళ్లు మనసొంటోళ్లను పోనియ్యరు” అంది. ఎవరికీ చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. మా అత్త మాటలు అప్పటికే నా చెవుల్లో మోగుతున్నాయి. వెనకటికి వీధిలో ఒకామెను ఆ దవాఖానకు తీసుకుపోతే, “పిచ్చిదాని చేతి నీళ్లు ఎవరు తాగుతరు? దాని బిడ్డను ఎవరు ఏలుకుంటరు?” అంది. నాకు ఒక బిడ్డ ఉంది. ఏలుకునేవాళ్ల ఇంట్లో ఉంది.

కళ్లు మసకగా ఉన్నాయని చెప్పి బస్సెక్కాను. అక్కడ డాక్టరమ్మ చిన్నపిల్ల, మల్లిక వయసే ఉంటుంది. నేను తీసుకుపోయిన ఖాళీ రేకు చూసింది. ఎన్నేళ్లని అడిగింది. చెప్పాను. తిట్టలేదు. “తప్పు మీది కాదమ్మా, ఇది అలవాటు పడే మందు. మానొచ్చు, కానీ మెల్లగా” అంది. చదువు వచ్చా అని అడిగితే వచ్చు అన్నాను. నా జీవితంలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఒక కాగితం మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాసిచ్చి నాతో చదివించింది. నెలకు పావు గోలీ మాత్రమే తగ్గించాలి. చెప్పినదానికంటే తొందరపడకూడదు. వణుకు ఎక్కువైతే వెంటనే రావాలి. కింద గీత గీసి ఒకటి రాసింది: ఒక్కసారిగా మానకూడదు, మానితే మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు.

“మీ ఊళ్లో ఇంకెవరైనా ఇవి వాడుతున్నారా అమ్మా? ఉంటే తీసుకురండి. నలుగురూ కలిసి తగ్గించుకుంటే తేలికగా ఉంటుంది.”

“ఎవ్వరు లేరమ్మా” అన్నాను. ఎవరి పేరు చెప్పినా నేను వచ్చిన సంగతి ఊళ్లోకి వస్తుందని భయం.

పావు తగ్గించడం మొదలుపెట్టాను. గోలీ నోట్లో వేసుకున్నట్టు చేసి, గొర్రెల దొడ్డిలోకి పోయి బ్లేడుతో కోసేదాన్ని. కాగితం రవికెలో పెట్టుకుని తిరిగేదాన్ని. రెండో నెలకు ఏడుపు తిరిగి వచ్చింది. రొట్టెలు చేస్తూ, పెంట ఎత్తుతూ ఏడుపు. మా ఆయన నిన్ననే పోయినట్టు, ఆయన చొక్కాకి గొంగడి వాసన ఇంకా పోనట్టు. “సచ్చి తొమ్మిదేండ్లాయె, ఇప్పుడేం ఏడుపే?” అని అత్త విసుక్కుంది. నాకేమో ఆ ఏడుపు బాగుంది. నా మనిషి కోసం నేను ఏడుస్తున్నానని తెలుస్తోంది.

కార్తీకంలో పత్తి ఏరుతుంటే, చెమట తుడుచుకోబోయి కాగితం జారి సాలులో పడింది. సైదమ్మ అక్క తీసింది.

“ఏం కాయితమే చెల్లె?”

నాగరాణి రెండు సాళ్ల అవతల ఉంది.

“కండ్ల డాక్టరు రాసిచ్చిండక్కా.”

“సదువు జర. నాగ్గూడ మసకలే వస్తున్నయి. నీ సదువు నాకన్నా జోరుగున్నది.”

ఆ కాగితం చేతిలో పట్టుకున్నాను. ఇంకొకరి కోసం నేను ఒక కాగితం పైకి చదవడం అదే మొదలు. “రోజూ పొద్దుగాల సల్లటి నీళ్లతోని కండ్లు కడుక్కోవాలె. దుమ్ముల తిరగొద్దు” అని చదివాను. ఆమె తలూపింది. మర్నాటి నుంచి పొద్దున్నే వాకిట్లో చెంబు పెట్టుకుని కళ్లు కడుక్కునేది. నన్ను చూసి, “జర నయమే కొడుతుంది చెల్లె” అనేది.

పది రోజులకు కురుమూర్తి జాతర వచ్చింది. సైదమ్మ అక్క పోయి, స్వామి ఉద్దాలు, ఆ పెద్ద తోలు చెప్పులు, తల మీద పెట్టించుకుని, గోలీ ముట్టనని మొక్కుకుని వచ్చింది. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. చెబితే ఫలం పోతుందని మిగతావాళ్లకు చెప్పలేదు. రెండో రోజు పత్తి చేనులో ఆమె వేళ్లు వణుకుతున్నాయి. కాయలోంచి దూది లాగలేక కాయనే తెంపుతోంది. పెదవులు తెల్లబడ్డాయి.

“అక్కా, జర సగమన్న వేసుకో” అన్నాను.

“మొక్కుల సగముంటదా చెల్లె? పొద్దంత ఉపాసముండి నడుమల ఒక్క బుక్క తింటే ఒక్కపొద్దు అయితదా?” అని నవ్వింది. “ఇంకొక్క రోజు. ఎల్లుండి లేసి కూసుంట, సూడు.”

అప్పుడు కాగితం నా రవికెలో ఉంది. నాగరాణి దగ్గర్లోనే ఉంది. గీత గీసి ఉన్న ఆ మాట నాకు నోటికి వచ్చు. ఆమె చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి తీసుకుపోయి చెబితే ఎంతసేపు? మల్లిక అత్త ముఖం గుర్తొచ్చింది. రేపు చెబుదాం, నాగరాణి లేనప్పుడు, అనుకున్నాను. సాలు పూర్తి చేశాను.

మూడో రోజు పొద్దున పదింటికి ఆమె సాలులో వెల్లకిలా పడింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోట్లోంచి నురగ. ఎవరో తాళంచెవులు పెట్టారు, ఎవరో ఉల్లిగడ్డ తెచ్చారు. తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఒకటి ఆగగానే ఇంకొకటి వచ్చింది. ఆటోలో కొత్తకోట చేరకముందే అయిపోయింది. ఆమె కళ్లు నేనే మూశాను.

మూడు రోజులుగా ఆమె గోలీ వేసుకోలేదని కోడలు చెప్పింది. ఊరంతా ఒకే మాట అంది. గోలీ మానినందుకే పోయింది. చదువు దగ్గరికి వచ్చే మిగతా ఐదుగురూ ఒకటికి రెండు వేసుకోవడం మొదలుపెట్టారు. మా ఇంట్లో గిరి, “సూసినవా వదినా? గందుకే చెప్పేది” అన్నాడు. నాగరాణి నోరు తెరిపించి చూడసాగింది. వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజం. ఆ మిగతా సగం తెలిసిన మనిషిని ఊళ్లో నేనొక్కదాన్నే. నాకు పిల్లను కాళ్ల మీద వేసుకోవాలని ఉంది. ఆ ఆశతోనే నోరు మూసుకున్నాను. నా మనుమరాలి కోసం ఆమె మనుమడికి నాయనమ్మ లేకుండా చేశాను. ఇంకెలా అనుకున్నా అది అదే అవుతుంది.

దినవారాలు అయ్యాక చదువు మళ్లీ మొదలైంది. శ్రీవాణి కూడా వచ్చింది, ఇంట్లో ఒక్కతే ఉండలేక. నేను లేచి నిలబడ్డాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

“నేను పాలమూరు పిచ్చి దవాఖానకు పోతున్న. మూడు నెలలాయె. కండ్లకు కాదు. గోలి మెల్లగ తగ్గించుకోవాలె, ఒక్కపారి ఇడిస్తె పానం పోతదని డాక్టరమ్మ రాసిచ్చింది. గా కాయితం సైదమ్మక్క సదువుమన్నది. నేను అబద్ధం సదివిన.”

శ్రీవాణి లేచి నా ముందుకు వచ్చింది.

“కండ్లు కడుక్కోమన్నది నువ్వేనా?”

“నేనే బిడ్డా.”

“సచ్చే పొద్దుగాల గూడ కడుక్కున్నది” అంది. చెయ్యి ఎత్తింది. కొడుతుందని నిలబడ్డాను. కొడితే బాగుండు. చెయ్యి దించుకుని, కొడుకును చంకన వేసుకుని వెళ్లిపోయింది.

ఆ మాట పొద్దు గుంకేలోపు మా ఇంటికి చేరింది. అత్త నా కంచం వేరు పెట్టింది. మర్నాడు మల్లిక ఫోన్ చేసింది. “అమ్మా, మా అత్త అడుగుతాంది, మీ అమ్మకు పిచ్చా అని. నేనేం చెప్పాలె?” అంది.

“గోలి ఇడిపిచ్చుకోను పోతాంది అని చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు బిడ్డా.”

వెనక పిల్ల ఊ ఊ అంటోంది. “చూస్తనమ్మా” అని పెట్టేసింది. మళ్లీ చేయలేదు.

మంగళవారం వచ్చింది. నాగరాణి గోలీ ఇవ్వబోతే, రేకు మొత్తం అడిగి తీసుకున్నాను. “నా మందు నా దగ్గర ఉండనీ చెల్లె” అన్నాను. నా నుంచి అలాంటిది వినడం ఆమెకు అలవాటు లేదు. చదువు దగ్గరి ఆడవాళ్లలో ఎవరైనా నాతో వస్తారేమోనని బస్సు దగ్గర చూశాను. ఎవరూ రాలేదు. బస్సు కదిలే ముందు శ్రీవాణి ఎక్కింది, పిల్లవాడు లేకుండా. నా వైపు చూడకుండా వెనక సీటుకి పోయి కూర్చుంది. పాలమూరులో దిగి, దవాఖానలో చీటీ రాయించుకుని, బెంచీ మీద నేను ఈ చివర, ఆమె ఆ చివర. మధ్యలో ఇద్దరు ముగ్గురు కూర్చుని లేచారు.

చాలాసేపటికి ఆమె జరిగి దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పి, నలిగిన రేకు ఒకటి తీసింది. నాలుగు గోలీలు ఖాళీ.

“మా ఆయన బొంబాయి పోయిన కాడినుంచి అత్త నాకు రోజు ఒకటి ఇస్తుండె. తన రేకులకెల్లి” అంది. “ఆమె సచ్చిన్నుంచి బంద్ చేద్దామనుకున్న. భయమైంది.”

ఆమె ఓదార్పు అడగడం లేదు. క్షమించిన ముఖమూ కాదు. చెయ్యి చాపింది. రవికెలోంచి కాగితం తీశాను. చెమటకు మడతల దగ్గర చిరిగిపోతోంది. ఆమె దాన్ని అందుకుని కాసేపు చూసింది. తనకు ఇంకా చదవడం రాదు. తిరిగి నా చేతిలో పెట్టింది.

“సదువు” అంది. “ఈసారి మొత్తం సదువు.”